చెవి తెగిన రేకు

పాత బండి విప్పిన ప్రతి మేస్త్రీ చేసే మొదటి పని, అంతకు ముందు దాని మీద చేయి పెట్టిన మేస్త్రీని తిట్టడం. మా టింకరింగు పనిలో, అంటే బండ్ల రేకులు సరిచేసే పనిలో, ఇదొక ఆచారం. కొబ్బరికాయ కొట్టకుండానైనా పని మొదలుపెడతామేమో గాని, "ఏ గాడ్దికొడుకు చేసిండుర గీ పని" అనకుండా సుత్తి ఎత్తము. ఇందులో రెండు లాభాలున్నాయి. బండిగల ఆసామి కళ్లలో మన పనితనం పెరుగుతుంది. రేపు ఏదైనా చెడితే నెపం వేయడానికి ఒకడు సిద్ధంగా ఉంటాడు. తిట్లు తినేవాడు ఎలాగూ అక్కడ ఉండడు. నా జీవితంలో నేను ఎంతమందిని అలా తిట్టానో నాకే తెలియదు. వాటిలో ఒక్క తిట్టు మాత్రం నన్ను ఇప్పటికీ వదల్లేదు.

మాది గొర్ల కాపరుల ఇల్లు. ఊరు జడ్చర్లకు ఏడు మైళ్లు. ఎండాకాలం రాగానే మా నాయిన మందను తోలుకొని ఆత్మకూర్ వైపు, కృష్ణ ఒడ్డుకు పోయేవాడు. వానలు పడ్డాక తిరిగొచ్చేవాడు. దారిలో పది మందలు కలుస్తాయి, విడిపోతాయి. ఎవరి జీవాలు ఎవరివో తెలియడానికి ప్రతి ఇంటికీ ఒక చెవి గుర్తు ఉంటుంది. మా ఇంటి గుర్తు ఎడమ చెవి కొనన ఒక చీలిక, దాని పక్కన రెండు గంట్లు. మా తాతల నాటి నుంచి అదే. అంగట్లో వంద గొర్లున్నా మా నాయిన దూరం నుంచే చెవి చూసి, "అగో, అది మనది" అనేవాడు.

నాకు గొర్ల వెంట తిరగడం చేతగాలేదు. మోటార్ల మీద మోజు పడి, యాభైల మొదట్లో జడ్చర్లలో ఒక ఉస్తాద్ దగ్గర చేరాను. పొట్టి మనిషి. కళ్లద్దాల కాడ విరిగితే దారం కట్టుకొని చెవికి తగిలించుకునేవాడు. చాయ్ సాసర్‌లో పోసుకొని చల్లారేదాకా ఊదుతూ, మా పనిని ఓరకంట చూసేవాడు. తుప్పు గురించి ఆయన నేర్పిన మొదటి పాఠం ఒక్కటే: "జంగు పట్టిన జాగ కోసి పారెయ్యి బేటా. మంచి రేకు దొరికేదాక కోస్తనే పో. దాని మీద కప్పినవనుకో, పాముకు గొంగడి కప్పినట్టే."

నాకు పని పట్టుబడ్డాక ఒక పిచ్చి మొదలైంది. నేను వేసిన ప్రతి అతుకు రేకుకు ఎడమ మూలన మా ఇంటి చెవి గుర్తు కోసేవాణ్ణి. ఒక చీలిక, రెండు గంట్లు. అది లోపలి వైపు ఉంటుంది, ఎవరికీ కనబడదు. నాకు తెలిస్తే చాలనుకునేవాణ్ణి. ఉస్తాద్ ఒకసారి చూసి, "గొర్లను ఇడిసి రేకులను మేపుతున్నవారా?" అని నవ్వాడు. వద్దని మాత్రం అనలేదు.

నాలుగేండ్లకే నాకు రెక్కలొచ్చాయనిపించింది. ఉస్తాద్ షెడ్డుకు ఎదురుగానే, రోడ్డుకు ఇటుపక్క, నా షెడ్డు వేసుకున్నాను. ఊరంతా జాగా ఉండగా ఎదురుగానే ఎందుకు వేశానంటే, ఆయన చూడాలని. అంతకంటే మంచి కారణం ఏదీ నాకప్పుడు లేదు, ఇప్పుడూ దొరకడం లేదు.

అరవైల నడుమ ఒక ఎండాకాలం, దగ్గరి ఊరి బడి పెద్ద సారు ఒక పాత ఇంగ్లండు కారును ఎడ్లతో లాగించుకొని జడ్చర్లకు తెచ్చాడు. అది ఒక దొర గడీలో ఉండేది. దొర కుటుంబం హైదరాబాదుకు పోయాక ఏండ్ల తరబడి కొట్టంలో పడి ఉంది. అమ్మేస్తుంటే సారు కొన్నాడు. ఆయనది క్రైస్తవుల ఇల్లు, ఒకప్పుడు సెంటు భూమి లేని ఇల్లు. సారు ఆ కారు ఎందుకు కొన్నాడో మొదటి రోజే చెప్పాడు.

"మా నాయిన గీ కారును వెట్టికి తోసిండు మేస్త్రీ. వాగు ఇసుకల దిగబడితే నలుగురు తోసేటోళ్లు. దొర లోపల్నే కూసునేటోడు, దిగకపోయేటోడు. నేను ఒడ్డు మీద నిలబడి చూసిన. గిప్పుడు మా నాయినకు ఎనబై దాటినయ్. క్రిస్మస్ నాడు గీ కార్ల కూసోబెట్టి గుడికి తోల్కపోవాలె. గంతే."

కారు దూరానికి చూస్తే నిగనిగలాడుతోంది. నల్ల రంగు అక్కడక్కడ పొక్కిందే తప్ప ఆకారం చెక్కు చెదరలేదు. సారు ముందు మా ఉస్తాద్ దగ్గరికే పోయాడు. ఉస్తాద్ కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, వేలి కణుపులతో తట్టి, "రంగంత గీకి చూసేదాక ఏం చెప్పలేను సార్. చప్పుడు మంచిగ లేదు" అన్నాడట. ఆ మాట సారుకు నచ్చలేదు. రోడ్డు దాటి నా దగ్గరికి వచ్చాడు. నేను తట్టి కూడా చూడకుండా "దసరాకే ఇస్త సార్" అన్నాను.

మూడో రోజు వెనక మడ్‌గార్డు గీకడం మొదలుపెట్టాను. సారు స్టూలు వేసుకొని పక్కనే కూర్చున్నాడు. రంగు కింద లప్పం, గుంతలు పూడ్చి నున్నచేసే ముద్ద. గీకిన కొద్దీ లప్పం. జొన్నరొట్టె మందాన పెచ్చులు పెచ్చులుగా ఊడి కింద పడుతోంది. పైన పటారం, లోన లొటారం. సారు ముఖంలో రక్తం లేదు.

ఆచారం ప్రకారం తిట్టు అందుకున్నాను. ఎప్పుడూ తిట్టే తిట్టే. కానీ సారు ఊరుకోలేదు. "ఎవరు చేసిండ్రు మేస్త్రీ గీ పని?" అని అడిగాడు. ఎవరో అని ఊరుకుంటే సరిపోయేది. ఎదురుగా ఉస్తాద్ తన షెడ్డులో సాసర్ ఊదుకుంటున్నాడు. ఇంత పెద్ద కారు నా దగ్గరికి వచ్చిందన్న పొగరు నా తలకెక్కి ఉంది.

"ఇంకెవరు సార్? ఆ కాలంల దొరల బండ్లన్ని మా ఉస్తాద్ దగ్గరికే వచ్చేటియి. పెద్దమనిషి, కండ్లు మందగించినయ్. పాపం, ఏమంటం" అన్నాను.

ఆ "పాపం" అన్న మాట తలచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది. నేను చూసిందేమీ లేదు, తెలిసిందేమీ లేదు. నోటికొచ్చింది అన్నాను. సారు అబద్ధాలాడే మనిషి కాదు. అందుకే నా అబద్ధాన్ని నిజమనుకొని, సాయంత్రం రైలు గేటు కాడి చాయ్ హోటల్లో నలుగురి ముందు చెప్పాడు. బడి సారు నోట వచ్చిన మాట కదా, అందరూ నమ్మారు.

రెండు రోజుల తరువాత కారు అడుగు విప్పాను. సారు ఆ రోజు రాలేదు. పైన చాప, చాప కింద తారు, తారు కింద గోనెసంచి. ఆ గోనెసంచి నిండా తడి. కొట్టం కప్పు నుంచి కారిన వాన నీళ్లన్నీ అది తాగి, వదలకుండా ఏండ్ల పాటు పట్టుకొని కూర్చుంది. చేత్తో లాగితే దానితో పాటు ఎర్రటి పొడి రాలింది. గోనెసంచి కింద గ్యాస్‌నూనె, అదే కిరసనాయిలు డబ్బా కోసి రివిట్లు కొట్టిన అతుకు రేకు. దాని చుట్టూ ఒకప్పుడు నిక్షేపంగా ఉన్న అసలు రేకు కూడా ఆ తడికి తుప్పు పట్టి, వేలు పెడితే అప్పడంలా విరిగింది. ఈసారి ఎవరూ వినేవాళ్లు లేకపోయినా నోరారా తిట్టాను. తిడుతూనే గుడ్డతో తుడిచాను.

ఎడమ మూలన ఒక చీలిక. దాని పక్కన రెండు గంట్లు.

ఇంకోసారి గట్టిగా తుడిచాను. మొదట నమ్మలేదు. ఈ కారును నేను ఎప్పుడూ చూడలేదు కదా అనుకున్నాను. అప్పుడు గుర్తుకొచ్చింది. పదేండ్ల కింద, నేను షెడ్డు వేసిన కొత్తలో, ఒక గడీ డ్రైవరు ఎడ్లబండి మీద కొన్ని విడి భాగాలు తెచ్చాడు. అడుగు రేకులు, ఒక తలుపు, ఒక మడ్‌గార్డు. కారు నడవడం లేదని, గడీలోనే విప్పి ఇవి మాత్రం తెచ్చామని అన్నాడు. పెండ్లి ఉంది, వారంలో కావాలి, పైకి మెరిస్తే చాలు అన్నాడు. గడీ పని నా షెడ్డుకు రావడమే గొప్పనుకున్నాను. తుప్పు కోస్తే వారం చాలదు. కోయలేదు. గోనెసంచి తారులో ముంచి కప్పాను, మీద లప్పం రాసి రంగు కొట్టాను. ఉస్తాద్ నేర్పిన మొదటి పాఠాన్నే మొదటి పెద్ద పనిలో తుంగలో తొక్కాను. అంత చేసి, సిగ్గు లేకుండా, దానికి మా ఇంటి గుర్తు కూడా కోశాను.

తలుపులో ఒకటి, మడ్‌గార్డులో ఒకటి, అడుగులో రెండు. మొత్తం నాలుగు అతుకులు, నాలుగింటికీ చెవి. జడ్చర్లలో ఆ గుర్తు ఎవరిదో తెలిసినవాడు ఉస్తాద్ ఒక్కడే. నేను ఏం చేయాలో నాకు తెలుసు. లేచి రోడ్డు దాటి చెప్పాలి. లేచాను గాని, రోడ్డు దాటలేదు. రేకు కత్తెర తీసి నాలుగు చెవులూ కోసి, ఆ ముక్కలను తుక్కు డబ్బాలో పారేశాను.

మరునాడు పొద్దున ఉస్తాద్ రోడ్డు దాటి వచ్చాడు. చాయ్ హోటల్ మాట ఆయన చెవిన పడి ఉంటుంది. నన్ను పలకరించలేదు. నేరుగా కారు దగ్గరికి పోయి, వంగి, విప్పి పెట్టిన అతుకు రేకును చేతిలోకి తీసుకున్నాడు. రివిట్ల వరస మీద వేలు నడిపించాడు. ఆ వేలు ఎడమ మూలకు వచ్చి, కొత్తగా కోసిన అంచు దగ్గర ఆగింది. పాత రేకుకు కొత్త కోత తళతళమంటోంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను నా చేతులను గుడ్డకు తుడుచుకుంటూ నిలబడ్డాను. ఆయన రేకును ఎక్కడి నుంచి తీశాడో అక్కడే పెట్టి, కళ్లద్దాల దారం సవరించుకొని వెళ్లిపోయాడు. ఒక్క మాట తిట్టినా బాగుండేది.

ఆ తరువాత ఆయన షెడ్డు ముందు బండ్లు తగ్గాయి. లారీల వాళ్లు, రైసు మిల్లు వాళ్లు, అందరూ ఇటుపక్క ఆగడం మొదలుపెట్టారు. "పెద్దాయనకు చూపు ఆనదంట కదా" అని నాతోనే అనేవాళ్లు. నేను అవునని అనలేదు, కాదని అనలేదు. వచ్చిన పనిని మాత్రం వదులుకోలేదు. ఎదురుగా ఆయన ఖాళీగా కూర్చొని ఉంటే, అటు చూడకుండా ఉండేందుకు వీపు రోడ్డుకు పెట్టి పనిచేయడం అలవాటు చేసుకున్నాను.

వానలు పడ్డాయి. నాయిన మందతో కృష్ణ ఒడ్డు నుంచి తిరిగొస్తూ, జీవాలను రోడ్డు పక్క బీట్లో ఆపి, షెడ్డుకు వచ్చాడు. గొంగడి తడిసి బరువుగా ఉంది. నీళ్లు తాగి, ముందు నడిచే పొట్టేలు మెడలో గంట నాలుక ఊడిపోయిందని, ఒక రేకు ముక్క కావాలని అన్నాడు. నేను తలెత్తకుండానే తుక్కు డబ్బా చూపించాను. ఆ డబ్బాలో ఏముందో అప్పటికి మరిచిపోయాను. అంత బాగా మరిచిపోగలిగానంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

కాసేపటికి వెనక చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూస్తే నాయిన అరచేతిలో నాలుగు ముక్కలు పక్కపక్కన పేర్చుకొని ఉన్నాడు. కార్ల గురించి ఆయనకు ఏమీ తెలియదు. చెవుల గురించి తెలియనిది లేదు.

"గియ్యి మన చెవులు గదరా" అన్నాడు.

"అవు నాయినా. నా పని మీద గుర్తు పెట్టుకుంట."

ఆయన ముఖం వెలిగింది. కొడుకు మందను వదిలేసినా గుర్తును వదల్లేదని ఆయనకు అప్పుడే తెలిసింది. ఆ వెలుగు ఎంతోసేపు లేదు.

"మరి కోసిందెవలు?"

"నేనే."

"ఎందుకు?"

నేను మళ్లీ సుత్తి అందుకున్నాను. నాయిన లేచి కారు దగ్గరికి పోయి, చెవి తెగిన రేకులను చూశాడు. ముక్కను అంచుకు ఆనించి చూశాడు. సరిగ్గా అతికింది. "సంతల చెవి తెగిన గొర్రె కనబడితే మనమేమంటం?" అని అడిగాడు.

ఆ జవాబు కాపరుల ఇండ్లలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. గొర్రెను దొంగిలించినవాడు మొట్టమొదట చేసే పని దాని చెవి కోయడం.

"దొంగ గొర్రె అంటం నాయినా."

"ఎవని సొమ్ము దొంగిలించినవ్ మరి?"

అంతా చెప్పాను. పెండ్లి పని, గోనెసంచి, సారుతో అన్న మాట, ఉస్తాద్ వచ్చి పోవడం. నాయిన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. నాలుగు ముక్కలనూ ధోవతి కొంగున ముడి వేసుకున్నాడు. "గియ్యి నా దగ్గర ఉంటయ్. గుర్తు నీది కాదు, మా తాతది. గిట్ల తుక్కుల పడొద్దు. నువ్వు పోయి ఆ పెద్దమనిషి కాళ్లు పట్టుకో. నలుగుర్ల అన్న మాట నలుగుర్లనే తీసుకో" అన్నాడు. గంటకు రేకు ముక్క తీసుకోకుండానే పోయాడు. ఆ ఏడు మా మంద ముందు పొట్టేలు చప్పుడు లేకుండా నడిచింది.

ఆ సాయంత్రమే రోడ్డు దాటాను. పదేండ్లలో అది మొదటిసారి. ఉస్తాద్ కాళ్ల దగ్గర కూర్చొని, "ఆ పని నాదే ఉస్తాద్" అన్నాను.

"తెల్సు. నువ్వు రివిట్ కొడితే తల కుడికి వంగుతది. ఎన్నిసార్లు చెప్పినా మారలే" అన్నాడు ఆయన.

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

ఆయన సాసర్ కింద పెట్టాడు. "చెప్తే ఏమంటరు? శాగిర్దు గింత ఖరాబ్ పని చేసిండంటే, ఉస్తాద్ గట్లనే నేర్పిండంటరు. నువ్వు చేసినా, నేను చేసినా, పోయేది నా పేరే. పో బేటా, సారు కారు మంచిగ చెయ్యి. అండ్ల ముసలాయన కూసుంటడు."

మరునాడు చాయ్ హోటల్లో సారు ఉండగా, పదిమంది ఉండగా, లేచి చెప్పాను. ఏదీ దాచలేదు. ఆ అతుకులు నావి, ఆ లప్పం నాది, ఆ పనిలో ఉస్తాద్ చెయ్యే లేదు అన్నాను. తరువాత సారు లేచి వచ్చి నా భుజం మీద చేయి వేశాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి.

"చూసిండ్రా? గురువు పరువు కాపాడనీకి తప్పు తన నెత్తిన వేసుకుంటున్నడు. గిసొంటి శిష్యుడు ఏడ దొరుకుతడు?" అన్నాడు.

"కాదు సార్, నిజంగ నాదే. నా గుర్తు ఉండె దాని మీద" అన్నాను.

"ఏది మరి? చూపెట్టు."

రేకుల మీద గుర్తు లేదు. నా చేతులతో నేనే కోశాను. నేను తడబడుతుంటే అందరూ నవ్వారు. ప్రేమగా నవ్వారు. హోటలాయన నాకు చాయ్ ఊరికే పోశాడు. నేను ఎంత కాదంటే అంత గొప్పవాణ్ణి అవుతున్నాను, ఉస్తాద్ చేసిన తప్పు అంత గట్టిపడుతోంది.

కారును మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకొని చేశాను. తుప్పు పట్టిన ప్రతి జాగా మంచి రేకు దొరికేదాకా కోశాను. లప్పం గోటి మందం దాటనివ్వలేదు. దసరాకు కాలేదు, దీపావళికీ కాలేదు. క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు అయింది.

పండుగ నాడు సారు వాళ్ల నాయినను ఎత్తుకొచ్చి వెనక సీట్లో కూర్చోబెట్టాడు. ముసలాయన మొదట సీటు మీద కూర్చోనన్నాడు, అడుగున కూర్చుంటానన్నాడు. ఆ అడుగు రేకును ఆయన అరచేతితో తడుముతుంటే నేను చక్రం దిక్కు చూస్తూ నిలబడ్డాను. చివరికి కొడుకు మాట విని పైన కూర్చున్నాడు. కారు చాయ్ హోటల్ ముందు ఆగింది. సారు అందరినీ పిలిచి, నన్ను ముందుకు లాగి, "గురువు తప్పును తన మీద వేసుకున్న శిష్యుడు గీయనే" అంటూ బంతిపూల దండ ఎత్తాడు. జనం వెనక ఉస్తాద్ నిలబడి ఉన్నాడు. దారం కట్టిన కళ్లద్దాల్లోంచి నన్నే చూస్తున్నాడు.

నేను మెడ వంచాను. దండ పడింది.

మరుసటి ఎండాకాలమే ఉస్తాద్ షెడ్డు ఎత్తేసి, నల్లగొండలో ఉన్న బిడ్డ దగ్గరికి పోయాడు. పోయే ముందు నాకు చెప్పలేదు. ఎవరు చేసినా పోయేది తన పేరేనని ఆయన అన్న మాటను గొడుగులా పట్టుకొని ఇన్నేండ్లు తిరిగాను. సారుకు చూపించడానికి నా దగ్గర సాక్ష్యం లేదని కూడా నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. కానీ ఆ నాలుగు చెవులు నాయిన కొంగున ముడిలో ఉన్నాయని నాకు తెలుసు. అడిగితే ఇచ్చేవాడు. తానే తెచ్చి చూపిస్తానని నా వెంట కూడా వచ్చేవాడు. మా ఊరు జడ్చర్లకు ఏడు మైళ్లు. నా దగ్గర సైకిలు ఉంది. నేను పోలేదు.